జీపు మనది, చాకిరీ మనది కాదు: పాత ఫోర్ బై ఫోర్ యజమానులకు తొమ్మిది చిట్కాలు

ఇంటి ముందు పాత మహీంద్రా ఎంఎం 540 గానీ, మేజర్ గానీ, మారుతి జిప్సీ గానీ నిలబడి ఉంటే వీధిలో పరపతి దానంతటదే పెరుగుతుంది. అందుకోసం బండి కదలక్కర్లేదు. ఈ సంగతి తెలియక ఎంతోమంది ఆదివారాలన్నీ బండి కిందే గడిపేస్తున్నారు. డబ్బు, ఒళ్లు, నిద్ర మూడూ మిగలాలంటే ఇలా చేయండి.

1. కొనేటప్పుడు పెయింటు మాత్రమే చూడండి. వంగి చాసిస్ చూస్తే నడుం పట్టేస్తుంది. కింద కొత్తగా నల్ల రంగు కొట్టించి ఉంటే అమ్మేవాడు శ్రద్ధగల మనిషన్నమాట. రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసే స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లకండి. పొడిస్తేనే కదా చిల్లు పడేది! "మిలటరీ డిస్పోజల్ బండి సార్" అనగానే అడ్వాన్సు చేతిలో పెట్టండి. కాగితాలడిగి సైన్యాన్ని అవమానించకండి.

2. ఆర్‌సీని కదిలించకండి. సొంత బండికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆపైన ఐదేళ్లకోసారి మళ్లీ చేయించాలి. 2022 ఏప్రిల్‌లో కార్లకు ఆ ఫీజును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. ఆ డబ్బుతో పైన నాలుగు లైట్లు బిగించుకోవచ్చు. ఎవరైనా ఆపితే "ఏజెంటు దగ్గరుంది సార్" అనండి. ఏజెంటు పేరడిగితే దగ్గు తెచ్చుకోండి.

3. ఫోర్ బై ఫోర్ లివర్ వేసే ఉంచండి. డబ్బు పెట్టి కొన్నది నాలుగు చక్రాలూ తిరగడానికే. ఈ బండ్లలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే టైరు జారి ఆ తేడా తీరిపోతుంది. పొడి తారు మీద జారదు కాబట్టి గేర్లు, షాఫ్టులు బిగుసుకుంటాయి. అందుకే తారు రోడ్డే ఎంచుకుని కూరగాయలకు వెళ్లండి. స్టీరింగ్ బరువెక్కితే చేతులకు వ్యాయామం. చివరికి లివర్ ఇరుక్కుపోతే ఏ గేరు వెయ్యాలన్న ఆలోచన కూడా తప్పుతుంది.

4. గ్రీజు జోలికి పోకండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు చిన్న చిన్న గ్రీజు నిపిళ్లు ఉంటాయి. మారేడుమిల్లి నుంచి ఒక్కసారి వస్తే చాలు, బురద కింద అవి కనిపించవు. కనిపించనిదానికి గ్రీజు కొట్టలేదని ఎవరూ తప్పు పట్టరు. ఆ బురదను కడగకండి. క్లచ్ వదలగానే కింద టక్కుమంటే ఇళయరాజా పాట పెట్టి సౌండు పెంచండి.

5. వాగు కనిపిస్తే ఆగకుండా దిగండి. పరుగెత్తి వేడెక్కిన ఇరుసు హౌసింగ్ చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఇరుసు గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది. తర్వాత ప్లగ్గు విప్పి చూస్తే ఆయిల్ పాలటీ రంగులో ఉంటుంది, లెవెల్ కూడా పెరిగి ఉంటుంది. పైసా పెట్టకుండా ఆయిల్ పెరిగింది, ప్లగ్గు బిగించేయండి.

6. సూర్యలంక బీచ్‌లో అలల్లో నడిపి రీల్ తీయండి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగకండి, మోటారు కరెంటు బిల్లు పెరుగుతుంది. ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఫ్లోరు రేకు తినేశాక పాదాలకు చల్లగాలి తగులుతుంది. ఏసీ లేదన్న లోటు తీరుతుంది.

7. డీజిల్ రెండొందలకు మించి కొట్టించకండి. ట్యాంకు అడుగున తుప్పు, మడ్డి ఉన్నాయి, వాటినీ ఫిల్టరు దాకా వెళ్లనివ్వండి. గాలి పట్టి బండి ఆగితే దిగకండి. లారీ వచ్చేదాకా చూసి, "అన్నా, కాస్త ఎయిర్ తీసిపెట్టవా?" అనండి. ఆయన స్పానర్‌తో స్క్రూ వదులు చేసి, బొటనవేలితో పంపు కొడుతూ, నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా కష్టపడతాడు. మీరు ఫోన్ టార్చి పట్టుకోండి. చెయ్యి నొప్పెడితే క్లీనర్‌కు ఇవ్వండి.

8. బ్రేకులు కనిపించవు, బుల్ బార్ కనిపిస్తుంది. డబ్బు కనిపించేదానికే పెట్టండి. బుల్ బార్లు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో చెప్పింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. "ఇది అంతకుముందు బండి సార్" అని గట్టిగా వాదించండి. టైర్లు బాగా పెద్దవి వేయించండి. ఇంజను ఈడ్వలేదు, బ్రేకు ఆపలేదు, కానీ ఫొటో అదిరిపోతుంది.

9. మేస్త్రీని మారుస్తూ ఉండండి. ఒక షెడ్డులో బాకీ పెరగగానే ఇంకో షెడ్డుకు పోండి. కొత్తాయన బానెట్ ఎత్తి "ముందు చేసినవాడెవడు సార్?" అంటాడు. తప్పంతా ఆ ముందువాడి మీదికి పోతుంది, మీరు శుభ్రంగా బయటపడతారు. ఇలా నాలుగు షెడ్లు తిరిగేసరికి ఇంజను బోరుకొస్తుంది. అప్పుడు వేపచెట్టు కింద పెట్టి "రిస్టోరేషన్‌లో ఉంది, ముంబై నుంచి స్పేర్లు రావాలి" అనండి. ఈ ఒక్క మాట మీద పదేళ్లు నడుస్తుంది. ఇంకా గుచ్చి అడిగేవాళ్లకు 1947లో మహీంద్రా విల్లీస్ జీపులు తెచ్చిన కథ మొదలుపెట్టండి, వాళ్లే లేచిపోతారు. చివరికి పాత ఇనుము వాడు వస్తే కిలో లెక్కన బేరం ఆడండి. నిపిళ్ల మీది బురద కడగొద్దన్నది ఇందుకే, అదీ తూకంలోకి వస్తుంది.