శ్రీమద్విక్రమ ల్యాండరోపాఖ్యానము

ప్రబంధమన్నాక అష్టాదశ వర్ణనలు తప్పవు. పురవర్ణనకు నోయిడా ఉంది. ఋతువర్ణనకు చొక్కా వీపుకు అతుక్కునే ఆగస్టు ఉంది. చంద్రోదయం దగ్గరే వచ్చింది చిక్కు. ఎదుటి టవరు దాటుకుని చంద్రుడు బాల్కనీకి దర్శనమిచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. కనుక చంద్రుడినీ, ఆయన మీద దిగే ల్యాండర్ విక్రమ్‌నూ భోజనాల బల్ల మీదే సృష్టించవలసి వచ్చె.

కారణం, మూడో తరగతి మనవరాలికి బడి నుంచి అందిన రాజాజ్ఞ. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ చంద్రుడి మీద నాలుగు కాళ్ళూ మోపింది. ఆ తేదీయే జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఆనాటికి కదిలే కాగితపు బొమ్మ తెమ్మన్నారు. కదలనిదైతే ఎవరైనా చేస్తారు.

నాయకుడు ధీరోదాత్తుడు, నెల్లూరి తాతయ్య. "రాకెట్లు మా జిల్లా నుంచేగా ఎగిరేది" అన్నదే ఆయన అర్హతాపత్రం. 2022లో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్ళిందని కోడలు గుర్తుచేసినా, ఆ విభజనను ఆయన ఇంకా ఆమోదించలేదు.

అట్ట కోసం దండయాత్ర ఢిల్లీ చావ్రీ బజార్ మీదికి సాగింది. మెట్రో పాతాళం నుంచి ఎస్కలేటర్ల మీద ఊర్ధ్వలోకాలకు ఎగబాకి, రిక్షాల సేనను చీల్చుకుని, శుభలేఖల అంగళ్ళ నడుమ నిలిచి గర్జించాడు: "మూడు అట్టలు!" హోల్‌సేల్ వీరులు నవ్వారు. వందకు తక్కువ ఇవ్వరట. రిక్తహస్తాలతో తిరిగొచ్చిన వీరుడి కన్ను ఫ్రిజ్ మీది శుభలేఖపై పడింది. మందమైన అట్ట, పసుపు అంటిన మూలలు, బంగారు వినాయకుడు.

"ఏమండీ, అది మా తమ్ముడి కూతురిది! పెళ్ళింకా కాలేదు!" అని నాన్నమ్మ ఆర్తనాదం చేసేలోపే కత్తెర నోరు తెరిచింది.

ఇక యుద్ధకాండ. విక్రమ్ నుంచి దిగిన రోవర్, అసలు ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు. ఈ ప్రజ్ఞాన్ శుభలేఖలో పావు వంతు. చక్రాలు మాత్రం దానికీ దీనికీ ఆరే, ఇవి రూపాయి బిళ్ళ పెట్టి గీసినవి. ఇరుసులు చీపురు పుల్లలు. మర్మమంతా బెజ్జాల్లో ఉంది. చక్రం పుల్లను బిగబట్టాలి, పెట్టె గోడ వదులుగా పోనివ్వాలి. అప్పుడే చక్రమూ పుల్లా కలిసి తిరుగుతాయి. సూదికి లొంగని గోడ, దబ్బనమనే బ్రహ్మాస్త్రం దిగాక దారికొచ్చింది.

అంతలో ఫెవికాలాసురుడు విజృంభించాడు. విక్రమ్‌ను పైకెత్తే పట్టీ రెండు అట్టల మధ్య జారాలి. అంచులకు పూసిన జిగురు, వేలితో నొక్కగానే లోపలికి పాకి పట్టీని గాఢాలింగనం చేసుకుంది. ఈ చెమ్మలో అది ఓ పట్టాన ఆరదు, ఆరిందా వదలదు. తాతయ్య ఇంకో పట్టీ కోసి, కొవ్వొత్తి మైనం రుద్ది, జిగురు ఆరేదాకా అటూ ఇటూ లాగుతూ కాపలా కాశాడు. ఇది తెలియనివారి బొమ్మలే ఎగ్జిబిషన్లలో నిశ్చల తపస్సులో కనిపిస్తాయి.

మనవరాలు పట్టీ లాగింది. అసలు విక్రమ్ 2023 సెప్టెంబరు 3న ఇంజన్లు వెలిగించి సుమారు 40 సెంటీమీటర్లు లేచి, మళ్ళీ దిగింది. మన విక్రమ్ రెండు వేళ్ళెత్తు లేచి, కాస్త కుడికి ఒరిగి, దిగింది. వాలుపలక తెరుచుకుంది. పొట్టమీద వినాయకుడితో, వీపున "చి.ల.సౌ." అక్షరాలతో ప్రజ్ఞాన్, బోర్లించిన స్టీలు పళ్ళెమనే చంద్రతలం మీదికి గరగరమంటూ దొర్లింది.

"తాతయ్యా, ముహూర్తం టైము చక్రం మీదుంది!"

ఇది శ్రీమన్నెల్లూరి తాతయ్య కరకత్తెరాగ్ర విరచితంబైన విక్రమ ల్యాండరోపాఖ్యానంబునందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసంబున నాన్నమ్మ తమ్ముడికి ఫోన్ చేసి ముహూర్తము మరల కనుక్కొనుట.