చెమ్మ తెలియు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పుస్తకంబులోన పోగైన విలువది
సంతలోన వేరు సరకు జూడ
పైన తెలుపు జూచి పరవశమందకు
చేయి పెట్టి చూడ చెమ్మ తెలియు

అవతారిక: పెద్దకడుబూరు తెలుగు మాస్టారికి షేర్ల పిచ్చి. ఒక బ్యాంకు వాటా పుస్తక విలువలో సగానికే వస్తోందని టీకొట్టులో మురిసిపోతుంటే, ఆదోని యార్డులో పత్తి అమ్మి వచ్చిన రైతు అడిగాడు: "ఎవడన్నా సగం ధరకే పత్తి ఇస్తానంటే ముందు దుడ్లు తీస్తావా సార్, కుప్పలో చేయి పెడతావా?" మాస్టారు ఆ రాత్రే ఈ పద్యం కట్టారు.

ప్రతిపదార్థం: పుస్తకంబులోన = బ్యాంకు ఆస్తి అప్పుల పట్టికయందు; పోగైన విలువ + అది = మూలధనమూ మిగులు నిధులూ కూడి, వాటాల సంఖ్యతో భాగింపగా తేలిన మొత్తము (వాటాపై అచ్చయిన ముఖవిలువ వేరు; రెంటినీ కలుపరాదు); సంతలోన = బొంబాయి ఎక్స్ఛేంజీలయందు; వేరు = హెచ్చో తగ్గో అగును; సరకు + చూడ = ఇచ్చిన అప్పులను పరికింపగా; పైన తెలుపు = ఈ మూడు నెలల లాభము; పరవశమందకు = ఫోను తీసి కొనకుము; చేయి పెట్టి = వార్షిక నివేదిక వెనుక పుటలు చదివి; చెమ్మ = మొండి బాకీ; తెలియు = బోధపడును.

తాత్పర్యం: పుస్తక విలువ కాటా చూపిన బరువు. మార్కెట్ ధర, ఆ బరువులో నీళ్లెన్నో కొనేవాడు వేసుకున్న అంచనా. సగం ధర పలికిందంటే చవక అని కాదు, సగం లెక్కను సంత నమ్మలేదని.

విశేషాలు: భారత పత్తి సంస్థ 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొనదు. బ్యాంకులో మామూలు అప్పు వాయిదా 90 రోజులు మీరితే మొండిది. స్వల్పకాలిక పంటల అప్పుకు మాత్రం రెండు పంట కాలాల గడువు. కాబట్టి మెట్ట సీమలో బ్యాంకు చెమ్మ ఆలస్యంగా బయటపడుతుంది. అలంకారం విరోధాభాసం: వాన రాకుంటే చేలో పత్తి ఎండును, బ్యాంకులో పద్దు తడియును.

పాఠాంతరం: "చేయి పెట్టి" అనుచోట "చేయి కాలి" అని కొందరు చదువుదురు. గణాలు చెడవు, జేబు చెడును. ఇది గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు వాటాదారుల పాఠం. 1994లో హైదరాబాదులో మొదలైన ఆ బ్యాంకు 2002 మార్చి లెక్కల్లో లాభం చూపింది. రిజర్వు బ్యాంకు తనిఖీలో నికర విలువ సున్నాకన్నా కిందికి పోయింది. 2004 జూలై 24న మారటోరియం విధించారు, ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంకులో కలిపారు. డిపాజిటర్లు గట్టెక్కారు. వాటాదారులకు ఓరియంటల్ వాటా ఒక్కటీ దక్కలేదు.

మధ్యమార్గం ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు 1000 వాటాలకు 325 ఇచ్చారు. అది తరుగు తీసిన తూకం.

ఆక్షేపం: అయితే సంత మాటే వేదమా?

సమాధానం: కాదు. యార్డులో ప్రతి కుప్పనూ "నెమ్ము" అనే కొనుగోలుదారుని రైతు ఎరుగును. భయపడ్డ సంతదీ ఆ తీరే: చెమట చేతికి పొడి పత్తీ చెమ్మగానే తగులును. అందుకే మాస్టారు ఇప్పుడు రెండు పనులు చేస్తున్నారు: ముందు చేయి తుడుచుకుంటారు, తర్వాత కుప్పలో పెడతారు. వాటా మాత్రం ఇంకా కొనలేదు.