ఒప్పుకోని మనిషికి నివాళి
(ఒక టైపు మిషను ఆత్మకథ)

నేను రెమింగ్టన్ టైపు మిషన్ని. హైదరాబాదు వెంగళరావు నగర్‌లో ఒక మేడమీది గదిలో, కుట్టుమిషను పక్కన ఉంటున్నాను. కృష్ణానగర్ దగ్గరే కాబట్టి సినిమావాళ్లు అప్పుడప్పుడు వచ్చి నన్ను అద్దెకు తీసుకెళ్తారు. పాతకాలపు కోర్టు సీనో, పత్రికాఫీసు సీనో తీయాలంటే నేను కావాలి. కాగితం ఎక్కించకుండానే మీటలు టకటకా కొట్టేస్తారు. వాళ్లకు నా చప్పుడు చాలు. నాకు మాత్రం అది కష్టంగా ఉంటుంది. నా మీద కొట్టే ప్రతి మాటనూ తూచి కొట్టిన మనిషి దగ్గర పనిచేశాను నేను.

మా అయ్యగారిది నెల్లూరు. మద్రాసు జార్జ్‌టౌన్‌లో ఒక వకీలు దగ్గర గుమాస్తా. పగలంతా దావా కాగితాలు, అఫిడవిట్లు. రాత్రి భోజనాలయ్యాక సొంత ఉత్తరాలు. వాటిలో ఎక్కువ ఒక్కరి పేరు మీదే వెళ్లేవి. ఆయన ఖాసా సుబ్బారావు.

ఈ పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? 1896లో నెల్లూరులో పుట్టినవాడు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి 'స్వరాజ్య' దినపత్రికలో పనిచేశాడు. జాతీయోద్యమంలో జైలుకు వెళ్లొచ్చాడు. 1946లో మద్రాసులో 'స్వతంత్ర' అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టాడు. 1948లో దానికి తోడుగా గోరాశాస్త్రి సంపాదకత్వంలో 'తెలుగు స్వతంత్ర' వచ్చింది. ఇంగ్లీషులో పేరు తెచ్చుకున్న సంపాదకుడి నీడలో తెలుగు కథకూ వ్యాసానికీ ఒక మంచి చోటు దొరికింది. ఆ ఒక్క పనికైనా తెలుగువాళ్లు ఆయన్ని గుర్తుపెట్టుకోవాలని నేనంటాను.

అయ్యగారికీ ఆయనకూ పేచీ వచ్చింది తర్వాతి పత్రిక దగ్గర. 1955 జనవరిలో మద్రాసు పక్కనే ఆవడిలో కాంగ్రెసు మహాసభ జరిగింది. దేశం సామ్యవాద తరహా సమాజం వైపు నడవాలని తీర్మానించారు. మరుసటి ఏడు రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. సరిగ్గా ఆ 1956లోనే ఖాసా 'స్వరాజ్య' పేరుతో కొత్త వారపత్రిక తెచ్చాడు. వెనక రాజాజీ అండ ఉంది. పరిశ్రమలన్నీ సర్కారు గుప్పిట్లోకి పోకూడదు, పర్మిట్లూ లైసెన్సులూ పెరిగితే పౌరుడి చేతులు కట్టేసినట్టే, సహకార సేద్యం పేరుతో రైతు పొలం మీద పెత్తనం చెయ్యొద్దు అన్నది ఆ పత్రిక దారి. నెహ్రూగారి మాటకు ఎదురులేని రోజులవి. జైలుకు వెళ్లొచ్చిన దేశభక్తుణ్ణి కూడా మితవాది అని, డబ్బున్నవాళ్ల పక్షమని సులువుగా అనేసేవారు.

అయ్యగారు నెహ్రూ భక్తుడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిన వార్తను కత్తిరించి దాచుకున్న మనిషి. "సర్కారు పూనుకోకపోతే ఇంత ఆనకట్ట ఏ షావుకారు కడతాడు?" అని ఉత్తరాల్లో నిలదీసేవారు. కోపం వస్తే నా మీద ఎంత గట్టిగా కొట్టేవారంటే, వాక్యం చివర చుక్క పెట్టినచోటల్లా కాగితానికి చిల్లు పడేది. అయినా వారం వారం పత్రిక కొనడం మానలేదు. "ఆయన రాసేది నాకు ఒప్పదు. చదవకుండా ఉండనూ లేను" అని అమ్మగారితో అనేవారు.

1961 జూన్ 16న ఖాసా పోయారు. ఆ వార్త తెలిసిన రాత్రి అయ్యగారు తెల్లకాగితం, కార్బను, కింద పల్చటి కాగితం కలిపి నాకెక్కించారు. నివాళి మొదలుపెట్టారు. దేశభక్తుడు, నిరాడంబరుడు, పత్రికాలోకానికి తీరని లోటు. ఎవరు పోయినా రాసే మాటలే. కొట్టినంతా పైకి చదివి వినిపించారు.

అమ్మగారు పక్కలు వేస్తూ విన్నారు. "ఇన్నాళ్లూ ఆయనతో పోట్లాడారు కదండీ. ఆ ముక్క ఒక్కటీ లేదేం?" అన్నారు.

అయ్యగారు కాసేపు మాట్లాడలేదు. రోలరు తిప్పి ఆ కాగితాలు లాగేశారు. కొత్తవి ఎక్కించారు. ఈసారి మొదటి వాక్యమే, ఆనకట్టల విషయంలో మీరన్నది తప్పని నేనిప్పటికీ నమ్ముతున్నాను, అని. ఆ తర్వాత పర్మిట్ల సంగతి. కోర్టు గుమాస్తాగా తాను రోజూ చూస్తున్నదే: చిన్న వ్యాపారి అనుమతి కోసం తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకోవడం. ఇందులో మీరన్నది నిజమని ఒప్పుకుంటున్నాను, అని రాశారు. చివర్లో, మీరు నన్ను ఆలోచింపజేశారు, దణ్ణం, అన్నారు.

దాని కార్బను కాపీ నా పెట్టె అడుగున ఇప్పటికీ ఉంది.

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చినప్పుడు, ఒక నిర్మాణ సంస్థలో లెక్కలు రాసే మా అయ్యగారి అబ్బాయిగారితో పాటు నేనూ హైదరాబాదు చేరాను. రాజాజీ 1972లో పోయేదాకా రాసిన ఆ 'స్వరాజ్య' 1980లో ఆగిపోయింది. అదే దారిలో 1959లో రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీ, మన నిడుబ్రోలు రంగాగారు అధ్యక్షుడిగా ఉన్న పార్టీ, 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచి, 1974లో వేరే పార్టీలో కలిసిపోయింది. అబ్బాయిగారు 1991 జులైలో ఒక ఉదయం పేపరు పైకి చదివారు: చాలా పరిశ్రమలకు లైసెన్సులు ఎత్తేశారట. చేసింది పి.వి. నరసింహారావు, ఒక తెలుగు ప్రధాని, అదీ కాంగ్రెసువాడు. ఖాసా పోయి అప్పటికి 30 ఏళ్లు.

ఖాసాయే గెలిచాడని చెప్పడానికి ఇదంతా చెప్పడం లేదు. సాగర్ నీళ్లు పారుతూనే ఉన్నాయి, అయ్యగారి వాదనా నిలబడే ఉంది. కానీ వ్యాఖ్యాత పోయినప్పుడు ఆయన మంచితనాన్ని మాత్రం మెచ్చుకుని, జీవితమంతా వాదించిన మాటలను పక్కన పెట్టేస్తే అది నివాళి కాదు. అభిమానులు మహానుభావుడని దండ వేస్తారు, కాదనేవాళ్లు ఒక్క ముద్ర వేసి తప్పుకుంటారు. ఇద్దరూ చదవరు. చదివి, ఎక్కడ ఒప్పుకున్నాడో ఎక్కడ ఒప్పుకోలేదో తేల్చి చెప్పిన ఒక గుమాస్తా చేసిన గౌరవం అంతకంటే పెద్దదని నా తీర్పు.

మీ ఇంట్లో అటక మీద తాతగారి కాలంనాటి 'తెలుగు స్వతంత్ర', 'స్వరాజ్య' సంచికలు ఉంటే దయచేసి తూకానికి వెయ్యకండి. ఒక్క వ్యాసమైనా చివరిదాకా చదవండి. ఒప్పకపోతే ఎందుకు ఒప్పదో ఒక కాగితం మీద రాయండి.