ఎమిషన్ ఫిల్టరు పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: మాస్తి వెంకటేశ అయ్యంగార్‌కు 1983లో జ్ఞానపీఠం వచ్చింది. ఆయన ఇంటిభాష తమిళం, రాసింది కన్నడం. ఆయన పుట్టిన కోలారు సీమలో సంత బేరాలు తెలుగులోనూ సాగుతాయి. అందుచేత ఆ సీమలోని మాస్తి ఊరి బండ్లకు ఎమిషన్ టెస్టు చేసే మర మీద ఒక తెలుగు పద్యం ఉంటే తప్పులేదు. పద్యమూ నాదే, టీకా నాదే. టీకాకారుడు మల్లినాథసూరి మన్నించాలి.

తే. మసిని మింగిన ఫిల్టరు మార్చకున్న
నొక్క బండి పాపము మరియొక్క బండి
మెడకు చుట్టుకొనును, గొట్టమెంత పొడుగొ
యంత దాకను పెట్రోలె యంటియుండు.

టీక: మసిని = పొగలోని నల్లపొడిని (మాలూరు ఇటుక బట్టీల దుమ్మూ ఇందులో చేరును. కేజీఎఫ్‌లో పెట్టిన మరకైతే సైనైడ్ దిబ్బల పొడి కూడా. అక్కడి బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినా దిబ్బలకు ఆ కబురు అందలేదు); మింగిన = తెల్లగా వచ్చి నల్లబడిన; ఫిల్టరు = పొగలోని నీటిని పట్టు బుడ్డి తర్వాత ఉండు సన్న జల్లెడ; మార్చకున్నన్ = బాణం గుర్తు మర వైపు ఉండేలా కొత్తది బిగించకపోతే; ఒక్క బండి పాపము = ముందు వచ్చిన బండి వదిలిన హైడ్రోకార్బన్లు; మరియొక్క బండి మెడకు = వెనక నిలబడిన అమాయకుడి రిపోర్టుకు; చుట్టుకొనును = ఎక్కును.

పాఠాంతరం: ‘దులుపకున్న’ అని కొందరు చదువుతారు. ఫిల్టరును నేలకేసి తట్టి మళ్లీ పెట్టేవాళ్ల పాఠం ఇది. ‘మ’కు ‘దు’తో యతి చెల్లదు. కాగితం చిరిగితే మరా చెల్లదు. కాబట్టి అగ్రాహ్యం.

తాత్పర్యం: ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని వాయువు ఎంత మింగిందో చూసి కార్బన్ మోనాక్సైడును, హైడ్రోకార్బన్లను ఈ మర లెక్కగడుతుంది. పొగను మరకు చేర్చే గొట్టానికీ ఫిల్టరుకూ అంటిన పెట్రోలు ఆవిరి తర్వాతి పరీక్షలో మెల్లగా బయటికొస్తుంది. అందుకే పరీక్షకు ముందు మర చేత ఉత్త గాలి పీల్పించి చూడాలి. అప్పుడు హైడ్రోకార్బన్లు 20 పీపీఎం దాటకూడదు. బీఎస్ 4 పెట్రోలు కారుకు హద్దే 200. గొట్టంలో మిగిలింది కూడా తక్కువేం కాదన్నమాట. గొట్టం ఊదాలంటే మర నుంచి విప్పి ఊదాలి. తగిలించి ఉండగా కంప్రెసర్ గాలి కొడితే లోపలి పంపు, సెల్లు దెబ్బతింటాయి.

అలంకారం: అసంగతి. పొగ ఒకడిది, ఫెయిలు ఇంకొకడిది.

విశేషం: పద్యం చెప్పని దోషం ఇంకొకటుంది, అదే పెద్దది. ఫిల్టరు మార్చిన చేయి దాని కప్పు సరిగా బిగించకపోతే, ఆ సందులోంచి బయటి గాలి కలిసి పొగ పలచబడుతుంది. నల్లపొగ బండి కూడా పాసవుతుంది. ఫెయిలైనవాడు గొడవ పడతాడు గాని, పాసైనవాడు పడడు. అందుకే ఈ దోషం ఏళ్లు దాగుతుంది. బండి పొగగొట్టంలో దూర్చే ప్రోబు కొన మూసి లీక్ టెస్టు చేస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ అది చేయవలసిందే.

పాఠకులారా, బండి ఫెయిలైతే మెకానిక్కు దగ్గరికి పరిగెత్తే ముందు ఆ ఫిల్టరు రంగు అడిగి చూడండి. మొదటిసారికే పాసైతే లీక్ టెస్టు ఎప్పుడు చేశారో కూడా అడగండి.