గాజు మీది గీతకు గీతాభాష్యం

మూలము: “నీటి అడుగున వీడియో చిత్రీకరణకు తగిన వైడ్ యాంగిల్ పోర్టును ఎంచుకొని, గీతలు పడకుండ తగు జాగ్రత్తతో కాపాడుకొనవలెను.”

అవతారిక. ఈ వాక్యకర్త ఎవరో లోకానికి తెలియదు. కెమెరాను నీళ్ళలోకి దించే పెట్టె కొన్నవాడికి దాంతోపాటు వచ్చే చిన్న పుస్తకంలో ఇంచుమించు ఈ మాటలే ఉంటాయి. కొనబోయేవాడికి సలహా చెప్పే పెద్దల నోటా ఇవే వస్తాయి. రాసినవాడు కనబడడు, విన్నవాళ్ళు మాత్రం కోకొల్లలు. అలాంటి వాక్యాన్ని మనవాళ్ళు అపౌరుషేయం అన్నారు, ప్రశ్నించకూడదన్నారు. కనుక ప్రశ్నించకుండా వ్యాఖ్యానిస్తాం. మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ పూనిక పట్టాడు. ఆయనకేం, చేతిలో ఉన్నది కాళిదాసు. మన మూలంలోంచి చెప్పవలసినదంతా ముందే తీసేశారు. కాబట్టి మూలంలో లేనిదే రాయడం ఈ వ్యాఖ్యకు నియమం.

ప్రతిపదార్థం. ‘నీటి అడుగున’, ‘వీడియో’, ‘ఎంచుకొని’ అన్నవి సుబోధాలు గనుక వదిలేస్తున్నాం. ‘పోర్టు’ అంటే ఇక్కడ కృష్ణపట్నం కాదు, గంగవరం కాదు. పెట్టెకు ముందు, లెన్సుకు ఎదురుగా బిగించే గాజు కిటికీ. బల్లపరుపుగా ఉంటే ఫ్లాట్ పోర్టు, బోర్లించిన గిన్నెలా ఉంటే డోమ్ పోర్టు. అసలు చిక్కు ‘తగిన’ దగ్గర ఉంది. ఇది ‘తగు’ ధాతువుకు భూతకాలిక ధాతుజ విశేషణం. అంటే ఎప్పుడో, ఎవరికో, దేనికో తగినది. ఇప్పుడు కొనబోయేవాడి లెన్సుకు తగేది ఏదో చెప్పే బాధ్యత నుంచి వ్యాకరణమే వాక్యకర్తను విడిపించింది. ‘తగిలిన పోర్టును’ అని ఒక పాఠాంతరం ఊహించవచ్చు. పగడపు రాతికి తగిలిన పోర్టును ఇక కాపాడి ఏం లాభమని సంప్రదాయజ్ఞులు దాన్ని తోసిపుచ్చుతారు గానీ, ఆ పాఠంలో కనీసం ఒక సంఘటన ఉంది. ‘తగిన’లో అదీ లేదు. ‘తగు జాగ్రత్త’, ‘తగిన చర్యలు’, ‘తగు సమయంలో’ అంటూ ఆఫీసు ఉత్తరాల నుంచి వలస వచ్చిన ఈ మాట, తెలిసినవాడు తెలిసినది చెప్పకుండా మర్యాదగా తప్పుకోవడానికి మన భాషలో ఏర్పడ్డ దొడ్డిదారి.

పూర్వపక్షం. పోర్టు అంటే తొడుగే కదా, నీళ్ళు లోపలికి రాకుండా ఆపుతూ అవతలిది కనబడనిస్తే చాలదా, ఇంత విచారం ఎందుకు అంటారు. ఈ పూర్వపక్షం చిన్నది కాదు, దీనికి గౌతముని న్యాయసూత్రాల మూడో అధ్యాయం అంత వయసుంది. కన్ను కిరణాన్ని పంపి వస్తువును తాకితేనే చూపు అని నైయాయికుడు అన్నాడు. అలాగైతే కాచం, అభ్రకం, స్ఫటికం చాటున ఉన్న వస్తువు కనబడుతోందేమని ప్రతివాది నిలదీశాడు. నిజానికి మన మూలవాక్యం కంటే ఆ ప్రశ్నే మెరుగు, ఏ పదార్థమో పేరు పెట్టి అడిగింది. కాచమంటే గాజు. అభ్రకం మన గూడూరు గనుల్లో పొరలు పొరలుగా తీసిన మైకా. స్ఫటికం సంగతి చెప్పనక్కర్లేదు. అంటే నైయాయికుల దగ్గర మూడు రకాల పోర్టులు ఉండేవి, మన బజారులో గాజు, అక్రిలిక్ అని రెండే. గౌతముడి సమాధానం ఏమిటంటే, గోడ అడ్డుకున్నట్టు గాజు అడ్డుకోదు, కిరణం దాటిపోతుంది గనుక తాకడం జరుగుతూనే ఉంది అని. స్ఫటికం అడ్డున్నా కాలే వస్తువును సూర్యకిరణం చేరుతుందని ఉపమానం కూడా ఇచ్చాడు. ఈ చోట ఆగి ఆనందించవలసింది చాలా ఉంది. స్ఫటికం వెనక వస్తువు వేడెక్కుతోందని గమనించిన కన్ను, గుండ్రటి స్ఫటికం వెనక ఎండంతా ఒక చుక్కగా ఎందుకు కూడుతోందని కూడా అడిగి ఉంటే మన దర్శనాల్లో వక్రీభవనానికీ ఒక ప్రకరణం ఉండేదేమో. వాళ్ళ వివాదం చూపు తాకుతుందా తాకదా అన్నంతవరకే గనుక అడగలేదు, అందుకు వాళ్ళను తప్పుపట్టలేం. కానీ ఇవాళ పోర్టు అమ్మేవాడు ‘అడ్డుకోదు’ అన్న చోటే నిలబడి డబ్బు తీసుకుంటున్నాడు. అడ్డుకోకపోవడం చాలదు, ఎలా వంచుతుందో చెప్పాలి.

సిద్ధాంతం. పోర్టు లెన్సుకు తొడుగు కాదు, లెన్సులో ఒక భాగం. గాలి వక్రీభవన గుణకం 1 అయితే నీటిది 1.33. ఈ తేడా ఉన్నంతకాలం నీటికీ గాలికీ మధ్య నిలబడే ప్రతి గాజూ ఒక లెన్సు పని చేస్తుంది, మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఫ్లాట్ పోర్టు వెనక, గాలిలో 100 డిగ్రీలు చూసే లెన్సు నీళ్ళలో దాదాపు 70 డిగ్రీలే చూస్తుంది. అంచుల్లో రంగులు విడిపోతాయి, గీతలు సాగుతాయి. ఎంత వైడ్ లెన్సు పెట్టినా బల్లపరుపు గాజులోంచి 97 డిగ్రీలకు మించి చూడటం సాధ్యం కాదు. డోము ఆ కోణాన్ని తిరిగి ఇస్తుంది, కానీ ఉచితంగా కాదు. నీళ్ళలో డోము స్వయంగా ఒక నెగెటివ్ లెన్సు అయి, అనంతదూరంలోని వస్తువును కూడా తన వ్యాసార్ధానికి మూడు రెట్ల దూరంలో మిథ్యాబింబంగా నిలబెడుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న డోముకు సముద్రమంతా 30 సెంటీమీటర్లలో ముగిసిపోతుంది. మీటరు దూరంలో ఈదే తాబేలు 21 సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్టు లెన్సుకు కనబడుతుంది. అంత దగ్గర ఫోకస్ చేయలేని లెన్సుకు ఏ డోమూ తగదు. పైగా లెన్సులోకి ఎదురుగా తొంగిచూస్తే లోపల కనబడే గుండ్రటి వెలుతురు రంధ్రం సరిగ్గా డోము గోళకేంద్రంలో కూర్చోవాలి. అందుకే మధ్యలో ఎక్స్‌టెన్షన్ రింగులు బిగిస్తారు. ముందుకు జరిగినా వెనక్కు జరిగినా మూలలు చెదురుతాయి. ‘తగిన’ అన్న మాటకు అర్థం ఇవే: వ్యాసార్ధం, దగ్గరి ఫోకస్, రింగు పొడవు. మూడు అంకెలు. ఒక వాక్యంలో ఇమిడే అంకెలు.

ఆక్షేపం. కంపెనీలు ఏ లెన్సుకు ఏ పోర్టు, ఏ రింగు అని పట్టికలు ఇస్తూనే ఉన్నాయి కదా? ఇస్తున్నాయి, కాదనం. కానీ ఆ పట్టిక వాళ్ళు పరీక్షించిన లెన్సులకే వర్తిస్తుంది, కారణం చెప్పదు. తన లెన్సు పట్టికలో లేనివాడు మళ్ళీ ‘తగిన’ దగ్గరికే వచ్చి పడతాడు. మరో ఆక్షేపం: ఫొటోకైతే మూలలు ముఖ్యం గానీ వీడియోలో చూపు మధ్యలోనే ఉంటుంది, మామూలు 4కె ఫ్రేము 83 లక్షల పిక్సెళ్ళకు మించదు, మూలల సంగతి ఎవరికి పట్టింది? ఇందులో సగం నిజం ఉంది. వీడియో ఫ్రేము వెడల్పాటిది గనుక పైనా కిందా కొంత కోసేస్తుంది, చిన్న చిన్న మసకలు దాగిపోతాయి. కానీ వీడియోలో వస్తువులు కదులుతాయన్న సంగతి ఈ వాదం మరిచింది. మధ్యలో బంగారంలా ఉన్న చేప ఫ్రేము దాటుతూ అంచుకు చేరేసరికి అప్పడంలా సాగి, మసకై, బయటికి జారుతుంది. నిలకడ బొమ్మలో మూల ఒక మూలే. కదిలే బొమ్మలో ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మూలగుండా పోవలసినదే. ఫిష్ ఐ లెన్సైతే చిన్న డోముతో సర్దుకుంటుంది. గీతల్ని తిన్నగా చూపే వైడ్ లెన్సుకు మాత్రం పెద్ద డోము తప్పదు. పెద్ద డోము అంటే పెద్ద గాలి బుడగ. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో పూర్తి అర్ధగోళం దాదాపు రెండు లీటర్ల నీటిని తోసేస్తుంది, అంటే దాని సొంత బరువు పోగా మిగిలిన బలంతో కెమెరా మూతి పైకి లేస్తుంది. దాన్ని అణచిపెట్టే మణికట్టు నొప్పికి మూలంలో ఏ పదమూ లేదు.

‘గీతలు’. గీతాభాష్యం అన్న పేరు ఈ పదం వల్ల వచ్చింది. గాజు గొప్పదా, అక్రిలిక్ గొప్పదా అన్న వివాదంలో ఖరీదును బట్టి గాజుకే ఓటు వేస్తారు. గాజుకు గీత సులువుగా పడదు, నిజమే. పడితే మాత్రం ఇంట్లో చెరిపేది కాదు. అక్రిలిక్ మెత్తన, గోరు తగిలినా బెంగే, కానీ సన్నటి రాపుడు కాగితాలతో ఓపికగా సానపడితే గీత పోతుంది. పైగా బయటి వైపు పడ్డ సన్న గీతను నీళ్ళే నింపేస్తాయి. అక్రిలిక్ గుణకం 1.49, గాలితో ఉన్నంత తేడా నీటితో లేదు, కాబట్టి ఒడ్డున గుండె ఆపిన గీత అడుగున ఇంచుమించు మాయమవుతుంది. లోపలి గీతకు ఆ భాగ్యం లేదు, అక్కడ ఉన్నది గాలి. సగం నీరు, సగం ఆకాశం చూపే బొమ్మలోనూ, సూర్యుడికి ఎదురు తిరిగినప్పుడూ బయటి గీత కూడా బయటపడుతుంది. ఇంత తేడా ఉండగా మూలం అన్ని గీతలనూ ఒకే గాటన కట్టి ‘తగు జాగ్రత్త’ అంది. గీత ఎక్కడ పడుతుందో చెప్పి ఉంటే ఎంతమందికి ఎంత డబ్బు మిగిలేది! అది సొరచేప కొరికి పడేది కాదు. పడవ మీద అందరి కెమెరాలనూ కలిపి ముంచే మంచినీటి తొట్టెలో పక్కవాడి లైటు కొక్కెం తగిలి పడుతుంది. ఎండకు ఆరిన ఉప్పు పలుకుల మీద పొడి చొక్కా చెంగుతో తుడిచినప్పుడు పడుతుంది. నియోప్రీన్ తొడుగులో చిక్కుకున్న ఇసుక వల్ల పడుతుంది. కంచే చేను మేసినట్టు, కాపాడడానికి కొన్న తొడుగే రోజూ కొంచెం కొంచెం గీరుతుంది. అక్రిలిక్‌ను అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవంతోనో స్పిరిట్‌తోనో తళతళలాడించబోతే లోపలే వలలా పగుళ్ళు పడతాయి, ఆ పగుళ్ళను ఏ నీరూ నింపదు. ఉప్పు ఆరకముందే మంచినీళ్ళలో నానబెట్టడం, తొడుగును కూడా కడగడం, తొట్టెలో వదిలేయకుండా తీసి పక్కన పెట్టడం: ‘తగు జాగ్రత్త’ ఇంతే. చెప్పడానికి ఎవరి సొమ్మూ పోదు.

విశేషాంశం. తెల్లని స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రబడినట్టు కనబడుతుందని, ఆ ఎరుపు స్ఫటికానిది కాదని వేదాంతులు చెప్పే జపాకుసుమ న్యాయం ఒకటి ఉంది. డోము వెనక ఇదే జరుగుతుంది. ఎండ డోములోకి పడినప్పుడు లెన్సు ముందు అంచు మీద తెల్లని అక్షరాలతో ముద్రించిన పేరు, అంకెలు డోము లోపలి గోడలో ప్రతిఫలించి, తిరగబడ్డ అక్షరాలుగా బొమ్మలో తేలుతాయి. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపం దగ్గర తాబేలు వీపు మీద లెన్సు ఫోకల్ లెంగ్త్ ఈదుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు ఆ అక్షరాలను నల్లరంగుతో పూసేస్తారు. లెన్సు చేసినవాడు తన పేరును ఎంత తెల్లగా ముద్రించుకున్నాడో అంత నల్లగా దాన్ని చెరపవలసి రావడం, కొన్నవాడు ఆ పని తనంతట తానే కనిపెట్టవలసి రావడం, ఈ వ్యాఖ్యాతకు హాస్యంగా తోచదు. వైడ్ లెన్సును పెట్టెలో పెట్టి నీళ్ళలోకి దించేవాళ్ళు ఉన్నారని అందరికీ తెలుసు. నీళ్ళను లెన్సులో భాగంగా లెక్కవేసి, గాలిలో పనికిరాని 15 మిల్లీమీటర్ల లెన్సును నికోనోస్ అనే నీటి కెమెరా కోసం ఎన్నడో చేసినవాళ్ళున్నారు. విద్య లేక కాదు. చెప్పే ఓపిక లేక.

తాత్పర్యం. పోర్టు లెన్సే కనుక లెన్సును ఎంచినట్టే అంకెలు చూసి ఎంచాలి, లెన్సును తుడిచినట్టే తడిపి తుడవాలి. ఇంతకు మించి మూలానికి అర్థం లేదు, ఇంత అర్థం కూడా మూలంలో లేదు. ఈ టీకా చదివినవారు తర్వాతి పడవలో తొట్టె పక్కన నిలబడి, తమ డోము వ్యాసార్ధం ఎంతని తమను తాము అడిగితే ఫలశ్రుతి సిద్ధించినట్టే. జవాబు పుస్తకంలో వెతకకండి. డోము పూర్తి అర్ధగోళమైతే అంచు మీద స్కేలు పెట్టి కొలిచి రెండుతో భాగించండి. కాకపోతే లోతు కూడా కొలవాలి.