అమ్మ వాక్యానికి టీక, ‘ది స్టాండ్’ పునఃపారాయణ ఘట్టం

మూలం:
“మళ్ళీ అదే పుస్తకమేంట్రా? అందరూ చచ్చిపోయేదేగా అది!”

అవతారిక: ఆదివారం, భోజనాలైపోయిన వేళ. టీకాకారుడు పడక్కుర్చీలో వెనక్కి వాలి, స్టీఫెన్ కింగ్ నవల ‘ది స్టాండ్’ని పొట్టమీద నిలబెట్టుకుని ఉన్నాడు. అది చేత్తో ఎత్తి పట్టుకుని చదివే వస్తువు కాదు. 1990 నాటి సంపూర్ణ ప్రతి పదకొండు వందల పేజీల పైమాట. అప్పుడు ఆరేసిన బట్టలు తీసుకుని అటుగా వచ్చిన తల్లి పలికిన వాక్యమిది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అందులో మొదటి సగానికి ఈ వ్యాఖ్యాత కట్టుబడి ఉంటాడు.

ప్రతిపదార్థం: మళ్ళీ = కరోనా రోజుల్లో చదివినది చాలక, మరల; అదే = అట్ట ఊడి, టేపు వేయించుకున్నదే; పుస్తకము = ఉద్యోగానికీ సంసారానికీ అక్కరకు రాని గ్రంథము; ఏంటి = ఏమిటి; రా = ఇది సంబోధన, ఇందులో వాత్సల్యమూ విసుగూ సమపాళ్ళు; అందరూ = లోకంలోని జనులెల్లరు; చచ్చిపోయేదేగా = చచ్చిపోవుటయే కథగా గలది కదా; అది = పొట్టమీదున్నది.

తాత్పర్యం: ఓ కుమారా! చివర ఏమగునో నీకు ముందే తెలిసిన కథను, అందునా మనుషులందరూ జలుబు చేసి నశించు కథను, గ్యాసు బుక్ చేయవలసిన పని అట్లే ఉండగా, తిరిగి చదువుట నీకు తగునా? అని భావము.

ఇంతవరకూ తేలికే. ఇక విశేషాలు.

“మళ్ళీ.” దీనిమీద ఒక ఆక్షేపణ. వక్త స్వయంగా సుందరకాండ పారాయణం చేస్తుంది. హనుమంతుడికి సీత కనిపిస్తుందని ఆవిడకి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. అయినా లంకంతా గాలించి, ఎక్కడా కనబడక అతను నీరసపడిపోయే సర్గల దగ్గర ఆవిడ గొంతు తగ్గుతుంది, చదువు నెమ్మదిస్తుంది. కనుక తెలిసిన కథ మళ్ళీ చదవరాదన్న సిద్ధాంతం వక్తకే సమ్మతం కాదు. ‘పారాయణానికి పుణ్యముంది, దీనికేముంది?’ అని పూర్వపక్షం. సమాధానం: దీనికి భయముంది. అదీ చదివిన ప్రతిసారీ చోటు మారే భయం.

ఇది కాస్త వివరించాలి. మొదటిసారి చదివేవాడు రాండల్ ఫ్లాగ్‌ని చూసి జడుసుకుంటాడు. జీన్స్ చొక్కా, కౌబాయ్ బూట్లు, జేబుమీద నవ్వుముఖం బిళ్ళ, రాత్రిపూట హైవేల వెంట ఒంటరిగా నడక. లాస్ వేగస్‌లో రాజ్యం స్థాపించే ప్రతినాయకుడు. మళ్ళీ చదివేటప్పటికి అతను పౌరాణిక నాటకంలో రాక్షసవేషంలా చూడముచ్చటగా ఉంటాడే తప్ప గుండె దడదడలాడదు. అప్పుడు ఎనిమిదో అధ్యాయం భయపెడుతుంది. అందులో దెయ్యం లేదు, చీకటి లేదు. టెక్సస్‌లో ఒక హైవే పోలీసు ఉన్నాడు. మిలిటరీ ల్యాబు నుంచి తప్పించుకున్న జబ్బు అప్పటికే అతనికి అంటుకుంది, అతనికి తెలీదు. స్పీడుగా పోతున్న ఒక ఇన్సూరెన్సు ఏజెంటుని ఆపి జరిమానా చీటీ రాసిస్తాడు. ఏజెంటు కలుపుగోలు మనిషి. వెళ్ళి ఒక చిన్న హోటల్లో భోంచేస్తాడు, అందరితో కబుర్లాడతాడు, టిప్పు పెట్టి లేస్తాడు. ఆ టిప్పు తీసుకున్న చెయ్యి ఇంకెన్ని కప్పులు పట్టుకుంటుందో లెక్క మనకొదిలేసి, సెలవులకి కారేసుకుని బయల్దేరిన ఒక కుటుంబం వైపు కింగ్ తిరుగుతాడు. గొలుసు అలా సాగిపోతుంది. మర్యాదస్తులైనకొద్దీ ఎక్కువమందికి అంటిస్తారు, అదీ అందులో దారుణం. మొదటిసారి ఇదంతా సమాచారంలా ఉంటుంది. ఎవరు చస్తారో తెలిసి చదివితే ఆ చిల్లర డబ్బులమీంచి చూపు తిప్పుకోలేం.

2020 మార్చిలో జనం ఈ పుస్తకాన్నీ పేపర్లో వార్తల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటుంటే, ఇది అంతటిది కాదు, జాగ్రత్తలు తీసుకోండి చాలని కింగే చెప్పాల్సి వచ్చింది. ఆ మాట నిజమే. కానీ ఆ ఏడాది లిఫ్టులో ఎవరైనా దగ్గితే, నాకు గుర్తొచ్చింది ఫ్లాగ్ కాదు, ఇన్సూరెన్సు ఏజెంటే.

“అదే.” ఏది? ఇక్కడ పాఠభేదాలున్నవి. 1978లో డబుల్‌డే వాళ్ళు వేసిన ప్రతి ఒకటి. రాతప్రతిలోంచి దాదాపు 400 పేజీలు కోసి తీసిన పాఠమది. కోసింది రసభంగమని కాదు. పుస్తకం ధర 12.95 డాలర్లు దాటితే ఎవరూ కొనరని లెక్కల విభాగం తేల్చింది. కావ్యదోషాలు ఎంచడంలో మన ఆలంకారికులు ఎన్నో రకాలు చెప్పారు గానీ అచ్చుఖర్చు అనే దోషం వాళ్ళకి తట్టలేదు. 1990లో కోసిందాంట్లో చాలా భాగం తిరిగి కలిపి, బర్నీ రైట్‌సన్ బొమ్మలతో సంపూర్ణ ప్రతి వచ్చింది. పాత పాఠం ఆర్నెట్ అనే ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర మొదలవుతుంది. కొత్తది అంతకుముందే, కాంపియన్ అనే కాపలావాడు భార్యాబిడ్డల్ని నిద్రలేపి కారెక్కించే రాత్రితో మొదలవుతుంది. చివర కూడా ఒక తోక కలిసింది. కథాకాలం తొలి ప్రతిలో 1980, తర్వాత పేపర్‌బ్యాక్‌లో 1985, ఆపైన 1990. సంవత్సరం మార్చారు గానీ మనుషుల మాటతీరూ పాటలూ 1970లలోనే ఉండిపోయాయి. నా మట్టుకు పెద్ద పాఠమే గ్రాహ్యం. చిన్నదే బిగువుగా ఉంటుందని వాదించేవాళ్ళతో పేచీ లేదు, వాళ్ళకి పొట్టనొప్పి ఉండదు.

శంక: కథలో హెరాల్డ్ లాడర్ అనే కుర్రాడు దొంగతనంగా ఫ్రానీ అనే అమ్మాయి డైరీ చదివి పేజీమీద చాక్లెట్ వేలిముద్ర వదిలేస్తాడు. అతను తిన్నది పేడే బారు. ఆ మిఠాయి అప్పట్లో వేరుశనగపప్పూ పాకమూ, పైన చాక్లెట్టే ఉండేది కాదే? సమాధానం: లోకంలో దాదాపు అందరూ పోయాక మిఠాయి ఫ్యాక్టరీని అడిగేదెవరు? ఊరుకోండి.

“అందరూ.” అతిశయోక్తి. నూటికి 99.4 మంది అని గ్రంథస్థ ప్రమాణం. మిగిలిన ఆ కాస్తమందిలో నాయకుడెవరన్నది చర్చనీయం. స్టూ రెడ్‌మన్ మితభాషి, స్థిరచిత్తుడు, కనుక ధీరశాంతుడందాం. ధీరశాంతుడు విప్రుడో వణిజుడో అయి ఉండాలని లక్షణం. స్టూ పనిచేసింది కాలిక్యులేటర్ల ఫ్యాక్టరీలో, కనుక వణిక్సంబంధం లేశమాత్రం ఉందని సర్దుకోవచ్చు. ఒకే ఒక్క పాట హిట్టయిన గాయకుడు లారీ అండర్‌వుడ్ ధీరలలితుడు. అతను శవాలతో కార్లతో నిండిపోయిన లింకన్ టన్నెల్లో, సిగరెట్ లైటరు వెలుతుర్లో తడుముకుంటూ నడిచే ఘట్టం ఉంది. ప్రబంధానికి కావలసిన వర్ణనల్లో పురవర్ణన న్యూయార్క్‌తో, శైలవర్ణన రాకీ పర్వతాలతో సరి. చంద్రవర్ణన ఏదంటారేమో, టామ్ కలెన్ ఉన్నాడు. ఏ మాటకి స్పెల్లింగు అడిగినా ఆ అమాయకుడు ‘మూన్’ స్పెల్లింగే చెబుతాడు. అన్నిసార్లు చంద్రుణ్ణి పిలిచిన పాత్ర మన ప్రబంధాల్లో కూడా లేదు.

“చచ్చిపోయేదేగా.” ఇక్కడే వక్తతో వ్యాఖ్యాతకి గట్టి భేదం. జబ్బుతో పోయేవాళ్ళు మొదటి మూడోవంతులోనే పోతారు. మిగతాదంతా బతికున్నవాళ్ళ తంటా. కలల్లో నూట ఎనిమిదేళ్ళ మదర్ అబగెయిల్ పిలుపు విని, జనం ఒక్కొక్కరే నెబ్రాస్కా మీదుగా కొలరాడోలోని బౌల్డర్ చేరతారు. చేరి ఏం చేస్తారు? కమిటీ వేస్తారు. మీటింగు పెట్టి, మినిట్సు రాసుకుంటారు. రచయితకే ఇక్కడ బండి కూరుకుపోయింది. పాత్రలెక్కువై, దారి తోచక, వందలాది పేజీలు రాసింది వదిలేద్దామనుకున్నాననీ, చివరికి ఒక బాంబు పెట్టి కొందర్ని తప్పించాక గానీ కథ కదల్లేదనీ తన రచనానుభవాల పుస్తకంలో రాసుకున్నాడు. మొదటి పఠనంలో ఎవరైనా ఈ పేజీలు చకచకా తిప్పేస్తారు. పునఃపఠనానికి అసలు పంట ఇక్కడే.

ఉదాహరణకి కరెంటు ఘట్టం. బ్రాడ్ కిచ్‌నర్ అనే మనిషి నానా తిప్పలూ పడి జనరేటరు బాగుచేస్తాడు. ఊరికి కరెంటు వదిలీ వదలగానే తట్టుకోలేక ఢమాలంటుంది. ఎందుకంటే జూన్‌లో జనం ఎక్కడివాళ్ళక్కడ పోయారు. ఏసీలు, టీవీలు, పొయ్యిలు, బాత్రూము లైట్లు, అన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. కరెంటు రాగానే ఊరు మొత్తం ఒక్కసారి తాగబోయింది. దాంతో ఒక దండు తయారవుతుంది. ఇల్లిల్లూ తిరగడం, తలుపు తోసుకుని వెళ్ళడం, మంచంమీద ఎవరున్నారో చూడకుండా గోడదాకా నడవడం, స్విచ్చు ఆర్పడం, పక్కింటికి పోవడం. శవాలు పూడ్చే దండు వేరు, స్విచ్చులార్పే దండు వేరు. ఫ్లాగ్ ఒక కొండ అవతల సైన్యం పోగుచేస్తుంటే ఇవతల వీళ్ళు మిక్సీలు ఆపుతుంటారు. ఈ శాఖకి ‘చచ్చిపోయేది’ అన్న విశేషణం వర్తించదని సిద్ధాంతం.

ఇది శ్రీమన్మేయిన్ రాష్ట్ర వాస్తవ్య స్టీఫెన్ కింగ్ కటాక్షలబ్ధ నిద్రాభంగ, అనవరత పునఃపఠన ధురంధర, పడక్కుర్చీ నిలయ, టేపుసంధిత గ్రంథధారి ప్రణీతంబైన టీకయందు సర్వంబును నేకవాక్యము.