ముగింపు ముందే తెలుసుకుని చూడండి

సస్పెన్స్ సినిమా కథ ముందే చెప్పేసేవాణ్ని మనవాళ్లు శత్రువులా చూస్తారు. నేను మాత్రం చెప్పించుకోమనే అంటాను, ఇంటి గుట్టు దాచే తల్లి కథ అయితే మరీను. 2020లో వచ్చిన ‘రన్’ అనే ఇంగ్లిష్ సినిమాతో మొదలుపెట్టండి. తీసింది అనీష్ చాగంటి.

1. గుట్టు ముందే వినేయండి. ఇందులో తల్లి పేరు డయాన్. ఆమె కన్నబిడ్డ పుట్టిన కాసేపటికే పోయింది. ఆసుపత్రి నుంచి వేరేవాళ్ల పాపను ఎత్తుకొచ్చి క్లోయీ అని పెంచింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు మందులిచ్చి చక్రాల కుర్చీకి కట్టేసింది. ఇది తెలిశాక ఏం జరుగుతుందోనన్న ఆత్రం తగ్గి, ఎలా చేస్తోందో కనబడుతుంది.

2. ఉత్తరాలొచ్చే చోట ఆపి చూడండి. క్లోయీకి పదిహేడేళ్లు. యూనివర్సిటీ సీటు కబురు కోసం కాచుకుని ఉంటుంది. పోస్ట్ బండి చప్పుడైతే చాలు, కుర్చీ తోసుకుంటూ బయల్దేరుతుంది. ఆమె వచ్చేసరికి ఉత్తరాలు అమ్మ చేతిలో ఉంటాయి. గుట్టు తెలియనివాళ్లకు అక్కడ పనిమంతురాలైన తల్లి కనిపిస్తుంది. తెలిసినవాళ్లకు కాపలా కనిపిస్తుంది.

3. తల్లి మాట నమ్మి చూడండి. చాక్లెట్ల కోసం సరుకుల సంచీలో చెయ్యి పెడితే క్లోయీకి ఆకుపచ్చ మాత్రల సీసా దొరుకుతుంది. మీద ఉన్నది తల్లి పేరు. అడిగితే, నువ్వు చూసింది బిల్లు మీద పేరని డయాన్ తడుముకోకుండా చెబుతుంది. అబద్ధమని మీకు తెలుసు. అయినా ఒక్క క్షణం ‘అయ్యుంటుందిలే’ అనిపిస్తుంది. ఆ పిల్ల అన్నేళ్లు ఎందుకు నమ్మిందో అప్పుడు అర్థమవుతుంది.

4. క్లోయీ ఇంటి కప్పు మీద పాకే సీను దాటించేయండి. ఎంత ఉత్కంఠగా ఉన్నా సరే. మందుల షాపు సీను మాత్రం వదలొద్దు. ఆ మాత్రలు కుక్కలకిచ్చేవని తెలిసినప్పుడు క్లోయీ ముఖం చూడండి.

డయాన్ కల్పితమే కానీ ఆ తీరు కల్పితం కాదు. బిడ్డకు లేని జబ్బు అంటగట్టే తల్లుల గురించి బ్రిటన్ పిల్లల డాక్టర్ రాయ్ మెడో 1977లోనే రాశాడు. అలాంటి ఇంట్లో చుట్టుపక్కలవాళ్లకు కనబడేది తల్లి చేసే సేవే. ఆ సేవను నిదానంగా చూడటం రావాలంటే ట్విస్టు అడ్డం తొలగాలి.

ఈసారి ఎవరైనా కథ చెప్పబోతే చెవులు మూసుకోకండి. చివరిదాకా విని, అప్పుడు టీవీ పెట్టండి.